కంపెనీ చెప్పే మైలేజీ

ఆదివారం ఉదయం మా పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడి ముందు కాసేపు నిలబడితే చాలు, లోకజ్ఞానం దానంతట అదే అబ్బుతుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కొత్త బండ్లకు పూజ చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు బారులు తీరి ఉంటారు. పూలదండలు వేసిన మోటారు సైకిళ్ళు, పసుపు కుంకుమలు అద్దిన కార్లు, చక్రాల కింద నిమ్మకాయలు. పూజ ముగిసి కొబ్బరికాయ కొట్టగానే పక్కనున్న పెద్దమనిషి అడిగే మొదటి ప్రశ్న: "ఎంతిస్తుందంట?" యజమాని గర్వంగా చెబుతాడు: "కంపెనీ వాళ్ళయితే లీటరుకు డెబ్భై అన్నారు బాబాయ్." వెంటనే రెండో ప్రశ్న పడుతుంది: "అది కంపెనీ లెక్కలేరా. మన రోడ్డు మీద ఎంతిస్తుంది?"

పత్తి చేలల్లో, మిరప కళ్ళాల్లో పెరిగిన మనిషికి సహజంగా తోచే ఆ రెండో ప్రశ్న, కంప్యూటరు చదువులు చదివిన మా వృత్తివారికి ఎందుకు తోచదన్నదే నా ఫిర్యాదు. "మా ఫ్రేంవర్కు మీ ఫ్రేంవర్కు కన్నా పదింతలు వేగం" అని ఎవరో ఒక పట్టిక గీసి చూపిస్తారు. రంగురంగుల కడ్డీలు. ఒకటి ఆకాశాన్నంటుతుంది, మరొకటి నేలబారుగా పడి ఉంటుంది. ఆ బొమ్మను చూసి ఉన్న ప్రోగ్రాములు పారేసి కొత్తవి రాసేవారు, కొలువుల్లో మనుషుల్ని మార్చేవారు నేటికీ కోకొల్లలు. ఏ రోడ్డు మీద కొలిచారయ్యా అని అడిగే నాథుడు లేడు.

ఈ వృత్తితో పరిచయం లేని సాహితీమిత్రుల కొరకు రెండు మాటలు. జాలస్థలిని నిర్మించేవారు ప్రతిదీ మొదటినుంచీ రాసుకోరు. వచ్చిన అభ్యర్థన ఏ పుటకు చెందినదో తేల్చడం, డేటాబేసుతో మాట్లాడటం, జవాబును పుటగా అల్లి పంపడం వంటి పనులకు ముందే కట్టిపెట్టిన చట్రాలుంటాయి. వాటినే ఫ్రేంవర్కులంటారు. 2004లో రెయిల్స్, 2005లో జాంగో, 2010లో ఎక్స్‌ప్రెస్, 2011లో లారవెల్ ఇలా వచ్చినవే. ఒక్కొక్కదానికి ఒక్కొక్క భక్తబృందం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే తీరు శైవ వైష్ణవ వివాదాలతో ఆగిపోలేదని తెలుసుకోవాలంటే వీరి వాదాలు వినాలి.

పరులను తిట్టబోయే ముందు నా తప్పు నేను చెప్పుకోవాలి.

కొన్నేళ్ళ క్రితం నేనొక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. పేరు అనవసరం. పరీక్షా ఫలితాలు చూపించే జాలస్థలి ఒకటి మా చేతిలో ఉండేది. నాకన్నా వయసులో పెద్దవారు, నెమ్మదస్తులు, ఒకాయన దాన్ని పీహెచ్‌పీలో రాసి మూడేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్నారు. నేను జావా మోజులో ఉన్నాను. అదే పనిని నాకు నచ్చిన చట్రంలో తిరగరాసి, రెండింటినీ నా లాప్‌టాప్ మీద పరుగెత్తించి, పట్టిక గీశాను. నాది తొమ్మిదింతలు వేగమని తేలింది. యాజమాన్యం ముందు ఆ బొమ్మ పెట్టినప్పుడు ఆయన ఒక్కటే ప్రశ్న అడిగారు: "నా ప్రోగ్రాం ఏ పద్ధతిలో నడిపారండీ?" "ఉన్నది ఉన్నట్టే నడిపానండీ" అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు.

ఉన్నది ఉన్నట్టు అంటే ఏమిటి? ఆయన ప్రోగ్రాము తప్పులు వెతికే పద్ధతిలో ఉంది. డేటాబేసును అడిగిన ప్రతి ప్రశ్ననూ ఫైలులో రాసుకుంటోంది. ఒకసారి తర్జుమా చేసిన కోడును దాచుకొని మళ్ళీ వాడుకునే ఏర్పాటును నేను కట్టేశాను, నిజానికి, తెరవలేదు. నా ప్రోగ్రామునేమో అరగంట ముందునుంచీ నడిపి వేడెక్కించి ఉంచాను. అంతకంటే ఘోరమైనది మరొకటుంది. పరీక్షలో పదివేలసార్లూ ఒకే హాల్‌టికెట్టు నంబరు అడిగాను. నా ప్రోగ్రాము మొదటిసారి వచ్చిన జవాబును జ్ఞాపకం పెట్టుకొని మిగతా తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై తొమ్మిదిసార్లూ దాన్నే అప్పజెప్పింది. అదీ నా తొమ్మిదింతల వేగం!

ఆయన పనిని పక్కన పెట్టేశారు. సంక్రాంతి లోపలే ఆయన ఉద్యోగం మానుకొని వెళ్ళిపోయారు. ఆ ఏడు ఫలితాలు విడుదలైన రోజున నా జాలస్థలి కొన్ని నిమిషాల్లోనే చతికిలబడింది. కారణం వెతికితే సిగ్గుతో తల వాలిపోయింది. డేటాబేసులో హాల్‌టికెట్టు నంబరును అక్షరాలుగా దాచి ఉంచారు. నేను దాన్ని అంకెగా అడిగాను. అలా అడిగితే మైసీక్వెల్ సూచికను వాడుకోలేక, ఒక్కొక్క విద్యార్థి కొరకు మొత్తం పట్టికను మొదటినుంచి చివరిదాకా గాలిస్తుంది. ఆయన ప్రోగ్రాములో ఆ నంబరు చుట్టూ శ్రద్ధగా కొటేషన్ గుర్తులుండేవి. తరువాత ఒక రాత్రి ఆయన పాత ప్రోగ్రామును సరైన పద్ధతిలో అమర్చి, నాది దిద్దుకొని, వేరువేరు నంబర్లతో రెండింటినీ మళ్ళీ కొలిచాను. నాది ఒకటింబావు రెట్లు వేగం. అంతే! ఆ పావు కొరకు ఒక మనిషి మూడేళ్ళ కష్టాన్ని నేలపాలు చేశాను. నేను అబద్ధమాడలేదు, ప్రతి అంకే నిజంగా వచ్చినదే. కొలిచే చెయ్యి ఒక పక్షానిదైనప్పుడు అబద్ధమాడవలసిన అవసరం కూడా ఉండదు.

ఇది నా ఒక్కడి పాపం కాదని చెప్పడానికి పెద్దల కథ ఒకటుంది. సన్ సంస్థవారు జావాలో పెద్ద ప్రోగ్రాములను ఎలా కూర్చాలో నేర్పడానికి పెట్ స్టోర్ అనే నమూనా అంగడిని ప్రకటించారు. అది పాఠం చెప్పడానికి రాసినది, పందానికి రాసినది కాదు. 2001లో మైక్రోసాఫ్ట్ అదే అంగడిని డాట్‌నెట్‌లో తిరగరాసి, తమది ఎన్నో రెట్లు వేగమని, ఎన్నో రెట్లు పొట్టిదని చాటింది. బడిపంతులును బరిలోకి దింపి మల్లుడితో ఓడించినట్టన్నమాట. 2002లో ది మిడిల్‌వేర్ కంపెనీ అనే మరో సంస్థ మళ్ళీ పోల్చి డాట్‌నెట్‌దే పైచేయి అన్నది. జావా పక్షంవారు ఆ కోడును, అమరికలను చీల్చి చెండాడగా, 2003లో పరీక్ష మళ్ళీ జరపవలసి వచ్చింది. రెండోసారికి తొలి అంతరం చాలావరకు కరిగిపోయింది. యంత్రాలు మారినందువల్ల కాదు, రెండు పక్షాల కోడునూ తెలిసినవారు సరిదిద్దినందువల్ల.

మరి న్యాయమైన పోటీ ఎలా ఉంటుంది? దానికి అమెరికా వెళ్ళనక్కరలేదు. మన ప్రాంతంలో తిరునాళ్ళకు జరిగే ఎడ్ల బండలాగుడు పందేలు చూడండి. పాలపళ్ళ జతను ఆరు పళ్ళ జతతో కలిపి పోటీకి కట్టరు. పళ్ళనుబట్టి విభాగాలు, విభాగానికొక బరువు బండ. అందరికీ అదే బండ, అదే బరి, అదే సమయం. ఎవరు ముందో చీటీలు తేలుస్తాయి. జతను తోలేది ఆ జతను పెంచినవాడే. ఎదుటివాడి ఎడ్లను నేను తోలి, అవి లాగలేదని ప్రకటించే వీలు లేదు. లాగిన దూరాన్ని అడుగులతో సహా అందరి ఎదుట చదువుతారు. ఓడినవాడు గొణుక్కోవచ్చుగానీ, బండ మారిందని అనలేడు.

ఈ నియమాలను మన విషయానికి అన్వయించి చూద్దాం. అన్ని సరుకులూ మోసుకొచ్చే పెద్ద చట్రాన్ని, దారి చూపించడం తప్ప మరేమీ చేయని చిన్న చట్రంతో పోల్చడం పళ్ళు చూడకుండా కాడి కట్టడమే. ఒకటి భద్రతా తనిఖీ చేసి, లాగిన్ సరిచూసి, జవాబిస్తే, రెండోది అవేవీ లేకుండా జవాబిస్తే, రెండోదాని వేగం చేయని పనికి లభించిన కూలి. ఏ చట్రాన్ని ఆ చట్రం ఎరిగినవారే అమర్చాలి. పరుగుకు ముందు అందరికీ సమానంగా వేడెక్కే వ్యవధి ఇవ్వాలి. భారాన్ని పుట్టించే ప్రోగ్రామును వేరే యంత్రంమీద ఉంచాలి. లేకుంటే కొలిచేవాడే పరుగెత్తేవాడి కాళ్ళకు అడ్డం పడతాడు. ఒక్క పరుగుతో తీర్పు చెప్పకూడదు. తప్పు జవాబులను విడిగా లెక్కించాలి, ఎందుకంటే ఏ సర్వరైనా అన్నిటికన్నా త్వరగా చెప్పగలిగిన జవాబు "లోపం జరిగినది" అన్నదే. బండ వదిలేసి వట్టి కాడితో పరుగెత్తిన ఎడ్లకు ఏ ఊళ్ళోనూ బహుమానం ఇవ్వరు గదా!

ఈ న్యాయానికి దగ్గరగా వచ్చిన ప్రయత్నం ఒకటి జరిగింది, చెప్పకపోతే అన్యాయం. టెక్‌ఎంపవర్ అనే అమెరికా సంస్థ 2013 మార్చిలో చట్రాల పోటీ ఒకటి మొదలుపెట్టింది. కోడంతా బహిరంగం. తమ చట్రానికి అన్యాయం జరిగిందనుకున్నవారు తామే సరిదిద్ది పంపే వీలుండేది. పెద్ద చట్రాలు, చిన్న చట్రాలు, వట్టి వేదికలు అని విభాగాలుండేవి. నిజంగా వాడే తీరులో రాసినదా, పోటీ కొరకు చెక్కి సన్నం చేసినదా అన్న ముద్ర కూడా ఉండేది. జేసన్ అల్లడం, డేటాబేసును ఒకసారి అడగడం, పలుమార్లు అడగడం, మార్పులు రాయడం, వట్టి పాఠం పంపడం, ఫార్చూన్స్ అనే పుట అల్లడం ఇందులోని పరీక్షలు.

అయితే లోకం దేన్ని ఎత్తుకొని ఊరేగించింది? వట్టి పాఠం పరీక్షను. "హలో వరల్డ్" అని ఇంగ్లీషులో పదమూడు గుర్తులు పంపడమే అందులో పని. అదీ ఒక్కొక్క అభ్యర్థనకు జవాబు రాకముందే పదహారింటిని వరుసగా గుప్పించి. ఏ మామూలు బ్రౌజరూ అలా అడగదు. ముందువరుసలోని చట్రాలు సెకనుకు 70 లక్షల దగ్గర గుంపుగా ఆగిపోయేవి. ఏమిటా అంటే, పది గిగాబిట్ల తీగ నిండిపోయింది. అంటే అక్కడ కొలిచినది చట్రాన్ని కాదు, తీగను. ప్రకటనల్లోకి మాత్రం ఆ 70 లక్షలే ఎక్కింది. పోటీ పెట్టినవాడు ఆరు కొలతలిస్తే, అమ్మేవాడు అందులో ఒక్కటే ఏరుకున్నాడు.

నా మటుకు ఫార్చూన్స్ పరీక్షే వాటిలో ధర్మబద్ధమైనది. డేటాబేసునుంచి పన్నెండు వరుసలు తెచ్చి, పదమూడోది కలిపి, అక్షరక్రమంలో పేర్చి, పుటగా అల్లాలి. ఆ వరుసల్లో ఒకటి జపాను భాషలో ఉంటుంది. మరొకటి పుటలో చొరబడి ఆటలాడబోయే స్క్రిప్టు ముక్క. దాన్ని నిర్వీర్యం చేయకుండా పంపితే పరీక్ష తప్పినట్టే. లోకంలో ఇంగ్లీషు కాని అక్షరాలున్నాయని, దొంగలున్నారని గుర్తించిన పరీక్ష అది.

యూనికోడు తెలుగులో రాసుకునే మనకు ఆ మాట విలువ తెలియాలి. "నమస్కారం" అన్న మాటలో యూనికోడు లెక్కన ఎనిమిది సంకేతాలున్నాయి. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు, వెరసి 24. పీహెచ్‌పీ, పైథాన్‌లలో జేసన్ అల్లే పనిముట్లను వాటి మానాన వదిలేస్తే, ఒక్కొక్క సంకేతాన్ని వెనకవాలు గీత, యూ అక్షరం, నాలుగు గుర్తులుగా విప్పి ఆరు బైట్లు చేస్తాయి. అదే నమస్కారం 48 బైట్లవుతుంది. జావాస్క్రిప్టు పనిముట్టు విప్పదు. దీన్ని మార్చడానికి ఒక్క అమరిక చాలు, కుదించి పంపితే ఆ తేడా మరింత తగ్గుతుంది కూడా. కానీ "హలో వరల్డ్"తో కొలిచినవాడికి ఇటువంటి తేడా ఒకటుందని జన్మలో తెలియదు. వాడి రోడ్డుమీద తెలుగు బండ్లు తిరగవు.

ఇహ సగటు అనే మాయ సంగతి. నూరు అభ్యర్థనల్లో తొంభై తొమ్మిదింటికి 20 మిల్లీసెకన్లలోనూ, ఒక్కదానికి 5 సెకన్లకూ జవాబు వచ్చిందనుకోండి. సగటు 70 మిల్లీసెకన్లు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఒక పుట తెరవడానికి నలభై అభ్యర్థనలు కావలసివస్తే, ఆ నలభైలో ఒక్కటైనా ఆ దురదృష్టపు జవాబు తగిలే అవకాశం దాదాపు మూడింట ఒకవంతు. ముగ్గురిలో ఒకరు విసుక్కుంటుంటే మనం సగటు చూసుకొని మీసం మెలేస్తున్నామన్నమాట.

దీనికన్నా లోతైన మోసం మరొకటుంది. కొలిచే ప్రోగ్రాము ఒక అభ్యర్థన పంపి, జవాబు వచ్చేదాకా ఆగి, అప్పుడు రెండోది పంపుతుంది. సర్వరు పది సెకన్లు మూర్ఛపోతే, అదీ మర్యాదగా పది సెకన్లు ఎదురుచూసి, ఒక్క చెడ్డ కొలత రాసుకుంటుంది. నిజజీవితంలో సెకనుకు నూరుమంది వస్తుంటే ఆ పది సెకన్లలో వెయ్యిమంది ఇరుక్కుంటారు. పరీక్షా ఫలితాల రోజున హాల్‌టికెట్టు చేతపట్టుకొని కూర్చున్న పిల్లలు ఒకరి జవాబు వచ్చేదాకా మరొకరు ఆగుతారా? గిల్ టెనె అనే నిపుణుడు ఈ దోషానికి ఒక పేరు పెట్టి, వచ్చే అభ్యర్థనల వేగాన్ని ముందే నిర్ణయించి కొలిచే పనిముట్టును తయారు చేశాడు. నేను ఆనాడు కొలిచిన పనిముట్టు పాతరకానిదే. నా సర్వరుకు ఊపిరాడనప్పుడల్లా అది మర్యాదగా ఆగింది. ఫలితాల రోజున పిల్లలు ఆగలేదు.

ఇంతా విని "అయితే ఈ కొలతలన్నీ దండగ, ఎలాగూ ఆలస్యమంతా డేటాబేసులోనే ఉంటుంది" అనే వేదాంతులు బయలుదేరతారు. వారి మాటలో సగం నిజముంది. ఒక పుటకు 100 మిల్లీసెకన్లు పడుతూ అందులో 80 డేటాబేసువి, 15 పుట అల్లికవి, 5 చట్రానివి అయితే, చట్రాన్ని పదింతలు వేగం చేసినా మిగిలేది నాలుగున్నర మిల్లీసెకన్లే. కానీ చిన్న చిన్న జవాబులు కోట్లకొలది ఇచ్చేచోట అదే చట్రపు భారం నెలనెలా సర్వర్ల అద్దెగా కనిపిస్తుంది. ఎక్కడ ఏది నిజమో కొలిచి చెప్పాలిగానీ, కొలవకుండా చెప్పే వైరాగ్యం కూడా కొలవకుండా చెప్పే గర్వం వంటిదే.

కొలతలే వద్దంటే ఎవరికి లాభమో చరిత్ర చెబుతుంది. 1980ల తొలినాళ్ళలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డివిట్, ఆయన సహచరులు డేటాబేసుల వేగాన్ని పోల్చి ప్రకటించారు. ఒరాకిల్‌కు ఆ ఫలితాలు రుచించలేదు. అనుమతి లేనిదే వేగపరీక్షల ఫలితాలు ప్రచురించరాదన్న షరతు లైసెన్సులో చేరింది. ఆయన పేరుమీదే దాన్ని డివిట్ షరతు అంటారు. ఇతర సంస్థలూ దాన్ని అనుసరించాయి. చెడ్డ కొలతకు విరుగుడు కొలతను నిషేధించడం కాదు. పదిమంది ఎదుట, అందరికీ అందుబాటులో ఉన్న కోడుతో, మళ్ళీ కొలవడమే.

ఆ పైన ఎవరి నేలమీద వారు కొలుచుకోవాలి. గుంటూరునుంచి అమరావతి వెళ్ళే దారిలో లాం పరిశోధనా క్షేత్రముంది. ఎల్‌సీఏ-334 వంటి మిరప రకాలు అక్కడివే. కొత్త రకాన్ని పరీక్షించేటప్పుడు దాన్నొక్కదాన్నే వేసి దిగుబడి చూసి చంకలు గుద్దుకోరు. పక్కనే రైతులకు తెలిసిన పాత రకాన్నీ వేస్తారు. ఒక్క మడిలో కాదు, పలు మడుల్లో, ఏ మడిలో ఏ రకమో చీటీలు వేసినట్టు నిర్ణయించి వేస్తారు. సారమున్న మడి ఒక్కదానికే దక్కకూడదని. అంతా అయ్యాక పలు ప్రాంతాల నేలల్లో మళ్ళీ చూస్తారు. అన్నీ చూసుకున్న తరువాత కూడా మా రైతు మొదటి ఏడు అరెకరంలోనే వేస్తాడు. విత్తనం సంచి మీది బొమ్మ చూసి పదెకరాలూ దున్నేసిన వాణ్ణి ఊరు తెలివైనవాడనదు. మా వృత్తిలో మాత్రం అటువంటివాణ్ణి ఆర్కిటెక్టు అంటారు.

కాబట్టి నా కోరిక ఇది. మీలో చాలామంది పగలు కోడు రాసి రాత్రి తెలుగు రాసేవారే. ఇకమీదట ఎవరైనా ఆకాశాన్నంటే కడ్డీల బొమ్మ చూపిస్తే, చప్పట్లకు ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఓడిన పక్షం ప్రోగ్రామును ఎవరు అమర్చారు? రెండూ ఒకే పని చేశాయా? సగటు కాక, చివరి నూరోవాడికి ఎంతసేపు పట్టింది? కోడు ఎక్కడుంది? జవాబు లేకపోతే ఆ బొమ్మ కంపెనీ మైలేజీ.

ఆనాడు సమావేశంలో నన్ను ఆయన అడిగినది ఈ మొదటి ప్రశ్ననే. దానికి నేను సరైన జవాబు ఇవ్వలేదు. చాలా ఏళ్ళు గడిచాక ఆయనకు ఫోను చేసి, రెండో కొలతలో వచ్చిన ఒకటింబావు సంగతి చెప్పాను. కాసేపు ఊరుకొని, "కొటేషన్లు పెట్టారా మరి?" అని అడిగారు. పెట్టానండీ అన్నాను.